వాక్యం మాస్టారి కడుపుమంట

రిటైరయ్యాక ఆ లెక్కల మాస్టారు ప్రతి శనివారం ఉదయం పెద్దాసుపత్రిలో మగవాళ్ళ వార్డుకు వెళ్ళి సువార్త చెప్పేవారు. ముప్పయ్యేళ్ళు క్లాసులో సాన పట్టిన గొంతు, చివరి మంచం దాకా వినిపించేది. సంఘంలో అందరూ ఆయన్ని వాక్యం మాస్టారు అనేవాళ్ళు. ఆ పేరంటే ఆయనకు లోలోపల చాలా ఇష్టం.

అలా ఆరేళ్ళు గడిచాక అదే సంఘంలో అందరూ సెలూన్ తమ్ముడని పిలిచే అతను కూడా రావడం మొదలుపెట్టాడు. ప్రార్థనకు లేచి నిలబడితే నాలుగో మాటకే తడబడే మనిషి. మగ్గు, బ్రష్షు, తువ్వాలు పట్టుకొచ్చి రోగులకు గడ్డాలు గీసేవాడు, గోళ్ళు తీసేవాడు. సెలైన్ ఎక్కుతున్న చెయ్యి కదలకుండా మనిషి తల ఎటు తిప్పాలో అతనికి బాగా తెలుసు.

రెండు నెలలు తిరిగేసరికి మాస్టారు రక్షణ గురించి చెబుతుంటే మంచాల మీది కళ్ళన్నీ గుమ్మం వైపు తిరగసాగాయి. కిటికీ పక్క మంచం మీదున్న బస్సు డ్రైవరైతే మధ్యలోనే అడిగేశాడు.

"అయ్యగారూ, ఆ తమ్ముడు ఇవాళ రాడా?"

మాస్టారు చిరునవ్వు నవ్వారు గాని, లోపల భగ్గుమంది.

"గడ్డం నున్నగా ఉంటే పరలోకం తలుపు తెరుచుకుంటుందా?" అన్నారు ఇంటికొచ్చి, బట్టలు మడతపెడుతున్న భార్యతో. "రక్షణ కృప వల్ల గాని క్రియల వల్ల కాదు. వీడు వాళ్ళని దారి తప్పిస్తున్నాడు."

"క్రియల వల్లేనని అతనెప్పుడైనా అన్నాడా?"

"అనక్కర్లేదు."

"మీ బాధ వాళ్ళ ఆత్మల గురించేనా?" అందామె. ఆయన పేపరు అడ్డం పెట్టుకున్నారు.

మరుసటి శనివారం వార్డు ఇన్‌ఛార్జి సిస్టర్ని పక్కకు పిలిచారు. "ఒకే బ్లేడుతో ఇద్దరు ముగ్గురికి గీస్తున్నాడమ్మా. నా కళ్ళతో చూశాను. మీ మంచికే చెబుతున్నా." మనిషి మనిషికీ అతను కొత్త బ్లేడు విప్పడమే ఆయన చూసింది.

సిస్టర్ హడలిపోయింది. ఆ రోజే సెలూన్ తమ్ముణ్ణి గేటు దగ్గర ఆపేశారు. అతను ఎందుకని కూడా అడగకుండా వెనక్కి వెళ్ళిపోయాడు.

మాస్టారు ఆ పూట గంటసేపు మాట్లాడారు. తన గొంతు తనకే ముద్దొచ్చింది. ఎవరూ అడ్డు తగల్లేదు. ఆ తర్వాతి వారం కూడా అంతే. మూడో వారానికి గాని, అసలు ఎవరూ వినడం లేదేమోనని ఆయనకు అనిపించలేదు.

నాలుగో శనివారం డ్రైవరు ఆయన్ని దగ్గరకు పిలిచాడు. మాసిన గడ్డంతో గుర్తుపట్టలేనట్టు ఉన్నాడు.

"సోమవారం నాకు ఆపరేషనండి. రేపు నా కూతురొస్తోంది. తొమ్మిదేళ్ళయింది మాటల్లేక. ఈ మొహం దానికెలా చూపించను?"

మాస్టారు అతని గడ్డం వైపు చూసి బైబిలు మూశారు.

"ఇదంతా ఎందుకు చేస్తున్నావయ్యా అని ఆ తమ్ముణ్ణి ఓసారి అడిగా," అన్నాడు డ్రైవరు. "'నాకు వాక్యం చెప్పడం రాదు, మీరు మాస్టారు చెప్పేది వినాలనే ఇదంతా చేస్తున్నా' అన్నాడు. అప్పట్నుంచే మీరు చెప్పేది చెవిన పెట్టా."

ఆ మాటకు మాస్టారికి ముందు కలిగింది పశ్చాత్తాపం కాదు. ఉన్న ఒక్క శ్రోతా ఆ సెలూన్ తమ్ముడు పెట్టిన భిక్షేనా అని ఇంకా మండింది. వరండాలోకి వచ్చి బెంచీ మీద కూలబడ్డారు. ఆరేళ్ళుగా కృప కృప అని చెబుతున్నారు, అది మంచాల మీదున్న వాళ్ళకే అవసరమన్నట్టు. చాలాసేపటికి లేచి సిస్టర్ గదికి వెళ్ళారు.

"ఆ బ్లేడు సంగతి అబద్ధమమ్మా. నేనే కల్పించాను."

సిస్టర్ ఆయన్ని ఎగాదిగా చూసింది. "పెద్దవాళ్ళు, మీరా ఇలాంటి పని చేసేది? అతన్ని రమ్మనండి. మీరు మాత్రం కొన్నాళ్ళు రావద్దు."

సెలూన్‌లో ఇద్దరు కూర్చుని ఉన్నారు. వాళ్ళు వెళ్ళేదాకా ఆగి మాస్టారు అంతా చెప్పేశారు.

"ఎందుకు మాస్టారూ?"

"నీ మీద ఓర్వలేక."

అతను అద్దం వైపు తిరిగి చాలాసేపు దువ్వెనలు సర్దాడు. "గేటు దగ్గర దొంగను చూసినట్టు చూశారండి నన్ను," అన్నాడు. తర్వాత మెల్లగా, "మీరు ప్రార్థన చేస్తుంటే నాకూ కుళ్ళుగానే ఉండేది. ఆ నోరు నాకిస్తే దేవుడి సొమ్మేం పోయేదని." మగ్గు, తువ్వాలు తీసుకుని షట్టరు దించి ఆసుపత్రికి బయల్దేరాడు.

ఆదివారం కూతురు వచ్చింది. సోమవారం ఆపరేషన్‌లో డ్రైవరు గట్టెక్కాడు.

మూడు నెలల తర్వాత సిస్టర్ మాస్టారిని మళ్ళీ రానిచ్చింది. ఇప్పుడు వేడినీళ్ళ మగ్గు పట్టుకునేది ఆయనే. వాక్యం పావుగంటే చెబుతారు, అదీ గడ్డాలయ్యాక. రోగులు ఇప్పటికీ ముందు సెలూన్ తమ్ముడినే పలకరిస్తారు.

ఆ ఏడాది ఆయన సంఘంలో సాక్ష్యం చెప్పడానికి లేచారు. "నాలో అసూయ చచ్చిపోయిందని చెబుదామనుకున్నాను," అన్నారు. "నిన్న శనివారం కూడా మండింది. నా కోసం ప్రార్థన చెయ్యండి."