పాలు ముట్టని అలుగు

“ఆకలైతె అదే తాగుతది. గిన్నె ఆడనే ఉంచు అవ్వా.”

“ఆకలైతె నువ్వు బొగ్గు తింటవార?”

“నీకెట్ల ఎరుక? పశువుల డాక్టరు చదివినవా?”

“రెండో తరగతే చదివిన. కని దాని నోట్ల ఒక్క పన్నన్న ఉందా, సూసినవా నువ్వు?”

మా క్వార్టరు వెనక పెరట్లో నేనూ మా పెద్ద కొడుకూ ఇట్లా అరుచుకుంటుంటే, మధ్యలో పాత ఇనుప తొట్టిలో అలుగు ముద్దలా చుట్టుకుని పడుకుంది. సీతాఫలం తొక్కలాంటి పొలుసులు, ఈడ్చుకుంటూ పోయేంత తోక. వాడు ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో డోజరు నడిపేవాడు. ముందురోజు పొద్దున, నైట్ షిఫ్టు అయిపోయే వేళ, డోజరు పలక తగిలి దాని బొరియ కూలిపోయింది. డంపర్లు తిరిగేచోట వదిలి రావడానికి వాడికి మనసు ఒప్పలేదు. గోనెసంచిలో చుట్టి ఇంటికి తెచ్చాడు. ఫారెస్టు వాళ్లకు అప్పగించేదాకా సాకుతానన్నాడు.

సాకడమంటే వాడి లెక్కలో పాలు, అన్నం, ఉడికించిన గుడ్డు. మా ఇంట్లో పాలు చాయలోకే సరిపోవు. గిన్నెడు పాలు ఎండకు విరిగిపోయాయి. గుడ్డు కుక్క పాలైంది. అలుగు మాత్రం రోజు గడిచినా ఏదీ ముట్టలేదు. ముందురోజు తొట్టిని గీరిన గోళ్లు ఆ పూట గీరడం కూడా మానేశాయి. అది చూసే నాకు భయం పట్టింది.

మా బాపు అడవిలో మేకలు కాసేవాడు. ఏ జంతువు ఏం తింటుందో ఆయన వెనక తిరిగే తెలుసుకున్నాను. ఎలుగుబంటి ఇప్పపూల కోసం తెల్లారకముందే వచ్చేది. రాలిన మోదుగు పూలు దుప్పులు తినేవి. నక్క రేగుపండ్లు తినడం నేను కళ్లారా చూశాను, చెబితే ఇప్పటికీ ఎవరూ నమ్మరు. అలుగు గురించి బాపు చెప్పింది ఒక్కటే: “చెదలు, చీమలు. గంతే. మల్లోటి ముట్టది.”

“మరి చెదలు యాడికెల్లి తేవాలె?” అన్నాడు కొడుకు.

మా పెరటి కంచె అంతా గనిలో పైకప్పు కూలకుండా నిలబెట్టి, పనికిరాక పారేసిన దుంగలే. వాటి మీద చెద మట్టి పాకుతూనే ఉండేది. ఒక దుంగను గొడ్డలితో చీల్చాను. లోపల తెల్లగా చెదలు. ఆ చెక్కను తొట్టిలో పెట్టేసరికి అలుగు మొదటిసారి మూతి ఎత్తింది. వానపాములాంటి నాలుక బయటికి వచ్చింది.

అప్పుడు గుర్తొచ్చింది. ఎండాకాలంలో ఆ దుంగలన్నిటికీ చెదల మందు, గమాక్సిన్ పొడి చల్లింది నేనే. చటుక్కున చెక్క లాగేశాను. నోటి ముందు నుంచి కూడు లాగడం నా జన్మలో అదే మొదటిసారి.

ఎదురింట్లో మెకానిక్కు భార్య ఉండేది, సాయిబుల ఆమె. వాకిట్లోంచే అడిగాను.

“బిడ్డా, మీ ఇంట్ల చెదలున్నయా?”

“తోబా! మా ఇంట్ల చెదలెందుకుంటయమ్మా? దినాం ఊడుస్త నేను. పొద్దుపొద్దున గదేం మాట?”

సంగతి చెప్పాక మెత్తబడింది.

“ఒక్క కట్టెకు ఉండె... కని దానికి గూడ మీరిచ్చిన పొడే సల్లిన గదా.”

నిజమే. పొట్లంలో మిగిలిన పొడి వృథా పోకూడదని వరసలో నాలుగిళ్లకు పంచింది కూడా నేనే.

“రేపు ఫారెస్టోల్లకు చెప్త అన్న గదనే,” అన్నాడు కొడుకు.

“రేపటిదాకా అది ఉండాలె గద. స్కూటరు తియ్యి.”

అలుగున్న గోనెసంచి ఒడిలో పెట్టుకుని వెనక కూర్చున్నాను. గని మట్టిగుట్టలు దాటి, వాగు అవతల అడవిలో నిలువెత్తు చెదపుట్టలున్నాయి. ఒకదాని మొదట్లో సంచి విప్పాం. అలుగు అక్కడ కూడా ముద్దలా చుట్టుకుంది. దూరంగా నిలబడి చూశాం. కదల్లేదు.

“సచ్చిందేమోనే అవ్వా. నా డోజరే సంపింది దాన్ని.”

“నోరు ముయ్యి. మనం నిలబడి సూస్తుంటె ఎట్ల తింటది? నడువు.”

గట్టిగానే అన్నాను గాని నాకూ నమ్మకం లేదు. ఆ పూట అన్నం సయించలేదు. వండినది పారేయలేక తిన్నాను.

మరునాడు పొద్దున కొడుకు షిఫ్టు దిగి, దారి మళ్లి పుట్ట చూసి ఇంటికి వచ్చాడు. పుట్ట అడుగున బిందె పట్టేంత బొక్క పడిందట. కొత్త మట్టి బయటికి తోసి ఉందట. తోక ఈడ్చిన గీత అడవి లోపలికి పోయిందట. అంత చెప్పి బనీను విప్పి నీళ్లు పోసుకోవడానికి వెళ్లాడు. నేను తొట్టి కడిగి బోర్లించి, చాయకు పాలు పొయ్యి మీద పెట్టాను.