ఓనరు గారు ఫీచరింగ్

మొన్న శుక్రవారం నా పాట నెంబర్ వన్ అయింది. ఆ సాయంత్రమే నా ఉద్యోగం ఊడినంత పనయింది. నవ్వకండి, టీ చల్లారేలోపు చెప్పేస్తాను.

ప్రత్తిపాడులో పురుగుమందుల షాపులో కౌంటర్లో ఉంటానని మీకు తెలుసు. ఖాళీ టైములో ర్యాప్ రాస్తానని కూడా తెలుసు, ఒక్కరూ వినలేదనుకోండి. ఈసారి కసిగా రాశాను. మిరప చేలో పురుగు చావదు, మందు అమ్మినోడి కారు మాత్రం మారుతుంది, అదీ వరస. తీరా చూస్తే గుంటూరు స్టూడియోలో రికార్డింగ్‌కి చేతిలో పైసా లేదు. నా తెలివి చూడండి, వెళ్ళి మా ఓనర్నే అడిగాను.

ఓనరు సాంబశివరావు గారికి తన గొంతు మీద మహా నమ్మకం. భజనలో మైకు ఆయన చేతికెళ్తే ఇక తిరిగి రాదు. ఖర్చంతా తనదే, కానీ మధ్యమధ్యలో తను పాడాలన్నారు. సరేనని "నన్ను నమ్ము బావా, నా మందు నమ్ము" అని ఆయనకో లైను రాసిచ్చాను. నేను గడగడా ఒక్కో మోసం చెప్పడం, వెంటనే ఆయన కళ్ళు మూసుకుని నమ్మమని రాగం తీయడం. సౌండ్ చూసే ఆయన నవ్వాపుకోలేక బయటికెళ్ళిపోయాడు. పాటకి కదిలిపోయాడనుకున్నారు ఓనరు గారు.

నా మాటలు ఆయన పట్టేస్తారన్న భయం నాకు లేదు. ఆ స్పీడుకి ఎవరికి అర్థమవుతుంది? పైగా ఆయనే, నువ్వేదో గొణుగుతున్నావులే, నా పాటకి తాళంలా బాగుంది అన్నారు.

పాట యాప్‌లోకి వెళ్ళింది. ఆటోల్లో, మిర్చి యార్డు దగ్గర టీ కొట్లలో, రీల్స్‌లో అదే గోల. తెలుగు హిప్ హాప్ లిస్టులో పాక్కుంటూ పాక్కుంటూ పైకెక్కి కూర్చుంది. జనం ఎందుకు నవ్వుతున్నారో ఓనరు గారికి ఎవరూ చెప్పలేదు. ఆయన షాపు ముందు పెద్ద ఫ్లెక్సీ కట్టించారు. అందులో ఆయన నిలువెత్తున ఉన్నారు, నేను ఓ మూల ఓటరు కార్డు ఫొటోలా ఉన్నాను.

ఆ సాయంత్రం షాపు నిండా రైతులు. ఒకాయన ఓనరు గారి చెయ్యి పట్టుకుని, మీ మోసం మీరే ఇంత ధైర్యంగా పాడుకోవడం గొప్పండీ అని మెచ్చుకున్నాడు. ఓనరు గారి మొహం మారిపోయింది. నావైపు తిరిగారు.

"ఏవయ్యా, నీ ముక్క కాస్త నెమ్మదిగా చెప్పు."

మాఘంలో నా పెళ్ళి. వాళ్ళు పిల్లనిస్తోంది ర్యాపర్‌కి కాదు, షాపులో ఉద్యోగానికి. మ్యూజిక్ లేకుండా, ఎక్కాలు అప్పజెప్పినట్టు మొత్తం చెప్పాను. కారు లైను దగ్గర అందరూ ఒకేసారి బయట నిలిపిన కొత్త కారు వైపు చూశారు. ఇక అయిపోయింది, ఆడపెళ్ళివారికి ఏం చెప్పాలా అనుకుంటున్నాను.

అప్పుడు పత్తి రైతు వెంకట్రామయ్య గారు గొంతు సవరించుకున్నారు. "అంతా నిజమేనయ్యా. కానీ ఆ సీసా నా చేతిలో పెట్టి, పొద్దున కొడితే సాయంత్రానికి పురుగుండదు బాబాయ్ అన్నది నువ్వేగా?"

కారు వైపు చూస్తున్న తలలన్నీ నావైపు తిరిగాయి. ముందుగా నవ్వింది ఓనరు గారే.

"నేను నమ్మమని పాడానంతే. నమ్మించింది వీడు!"

ఉద్యోగం పోలేదు. పెళ్ళీ ఆగలేదు. ఇప్పుడు షాపుకొచ్చిన ప్రతి రైతూ నాచేత ఆ లైన్లు నెమ్మదిగా చెప్పించుకుని, కడుపుబ్బా నవ్వి, అదే సీసా కొనుక్కెళ్తున్నాడు. అమ్మకాలు చూసి ఓనరు గారికి హుషారొచ్చింది. రెండో పాట మొదలుపెట్టు, ఈసారి డీలర్లని ఇంకాస్త గట్టిగా తిట్టు అన్నారు.

రాస్తున్నాను.