సగం బస్తా జొన్నలు

వినుకొండలో ఫరీద్ అంత మొండిమనిషి ఇంకొకడు లేడు. చుట్టుపక్కల ఊళ్లలో ఆయిల్ ఇంజన్లు బాగుచేయడం అతని పని. యుద్ధం ముగిశాక మిలటరీవాళ్లు అమ్మేసిన పాత మోటారుసైకిలు ఒకటి కొనుక్కుని, నూజెండ్ల దాకా దుమ్ము లేపుకుంటూ తిరిగేవాడు. భార్య కుల్సుం విషజ్వరంతో పోయి ఏడాది కాలేదు. పిల్లలు లేరు.

నరసరావుపేట నుంచి అక్క పీరాంబీ వచ్చింది. "ఇల్లు అమ్మేసి మా దగ్గరికి రారా. ఒక్కడివే ఏం చేస్తావు ఈడ?" అని పోరింది.

"నాకెవరూ అక్కర్లా ఆపా. బండి ముందు చక్రం ఒక్కణ్ణే ఊడదీసి బిగించుకోలేకపోయిన రోజున నేనే నీ ఇంటికొస్తా" అన్నాడు ఫరీద్.

నోటికొచ్చింది అనేయడం తేలికే. ఆ బండికి ముందు స్టాండు లేదు, మిలటరీలోనే విరిగిపోయింది. వెనక స్టాండు వేసి, వెనక సీటు మీద ఎవరైనా కూర్చుంటేనే ముందు చక్రం నేల విడిచి లేస్తుంది. ఆ కూర్చునేది ఎప్పుడూ కుల్సుమే. వీధికి వీపు పెట్టి, ఒళ్లో చేట పెట్టుకుని, బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ కూర్చునేది. "బరువు కోసమేనా నన్ను చేసుకుంది?" అని వెక్కిరించేది. మనిషి చూస్తే చీపురుపుల్ల. ఆ కాస్త బరువే బండికి సరిపోయేది.

అక్క వెళ్లిన కొద్దిరోజులకే తుమ్మముల్లు దిగి ముందు ట్యూబు చిరిగిపోయింది. ఫరీద్ పెరట్లో బండి నిలబెట్టి నడుం మీద చేతులేసుకుని చూస్తున్నాడు. పక్కింటి రూతమ్మ బట్టలు ఆరేస్తూ గోడ మీదుగా తొంగిచూసింది. ఆమెకీ కుల్సుంకీ ప్రాణస్నేహం.

"అన్నా, నేనొచ్చి కూకోనా?"

"అక్కర్లా. నీ పని నువ్వు చూసుకో!"

రూతమ్మ మొహం చిన్నబుచ్చుకుంది. ఆ సీటు మీద ఇంకొకరు కూర్చోవడం అతను చూడలేడు. ఆ సంగతి చెప్పడం మాత్రం చేతకాలేదు.

గోతం తెచ్చి సగానికి జొన్నలు పోశాడు. మూతి కట్టి, రొప్పుతూ ఎత్తి వెనక సీటు మీద కూర్చోబెట్టి, తాడుతో బిగించాడు. ముందు చక్రం లేచింది. బ్రేకు తీగ విప్పి, నట్లు వదులు చేసి, ఇరుసు లాగేసరికి చక్రం చేతిలోకి వచ్చింది. కొత్త ట్యూబు వేసి గాలి కొట్టాడు. చక్రాన్ని ఫోర్కు మధ్యకు ఎత్తి, మోకాలితో అదిమి పట్టుకుని ఇరుసు దూర్చి, బ్రేకు తీగ మళ్లీ తగిలించాడు. బ్రేకు నొక్కి పట్టడానికి మనిషి లేక బ్రేకు పిడిని తుండుగుడ్డతో హ్యాండిలుకి బిగించి కట్టి, అప్పుడు నట్లు బిగించాడు. తుండుగుడ్డ విప్పి చక్రం తిప్పి చూస్తే ఎక్కడా రాసుకోకుండా తిరిగింది. పందెం గెలిచాడు. అక్కకి ఏం చెప్పాలో మాటలు కూడా కూర్చుకున్నాడు.

ఇక దించడమే మిగిలింది. ఎప్పటిలాగే ముందుకొచ్చి, చక్రం దబ్బున పడకుండా రెండు చేతులతో హ్యాండిలు గట్టిగా పట్టుకున్నాడు.

"ఆఁ, ఇంక దిగు కుల్సుం. నిదానం" అన్నాడు.

అని, ఆమె దిగడం కోసం ఎదురుచూశాడు.

ఎంతసేపు చూశాడో అతనికే తెలియదు. బస్తా కదలలేదు. గోడ అవతల బట్టలు జాడించే చప్పుడు ఆగిపోయింది.

"రూతమ్మా" అని పిలిచాడు, హ్యాండిలు వదలకుండానే. "ఈ బస్తా దించాలి. ఒక్కణ్ణే దించలేనమ్మా."

అంత బస్తానీ ఒక్కడే ఎత్తడం ఆమె ఇందాక గోడ మీంచి చూసింది. ఆ మాట అనలేదు. తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి, తాడు ముడి విప్పింది.