పసుపు పూసిన గ్యారంటీ కాగితం

నా చిన్నప్పుడు మా ఇంట్లో దేవుని గూట్లో ఒక కాగితం ఉండేది. దేవుని పటం కాదు, కొడవలితో పాటు వచ్చిన కాగితం. నాకప్పుడు తొమ్మిదేండ్లు ఉంటాయేమో. కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. మా ఊరు ఎమ్మిగనూరుకూ ఆదోనికీ నడుమ. నాన్న లేడు. అమ్మ కూలికి పోతే సంగటి, పోకుంటే అదీ లేదు.

అంతకు ముందు మా కొడవళ్ళన్నీ ఊరి కమ్మరి తాత చేసినవే. ఆయన దగ్గర కాగితాలు ఉండేవి కావు. కొడవలి చేతికిచ్చేటప్పుడు ఒకటే మాట అనేవాడు: "తెగకుంటే తెచ్చి నా మొగాన పారెయ్." ఎవరూ పారేసినట్టు నేను చూడలేదు. పదును తగ్గితే ఆయన దగ్గరికే పోయేవాళ్ళం. తిడుతూనే సాన పట్టి ఇచ్చేవాడు.

ఆ ఏడు వేరుశనగ పీకిన కూలి చేతికొచ్చాక, అమ్మ ఆదోనిలో ఒక ఇనుప సామాన్ల అంగట్లో మిషను కొడవలి కొన్నది. అద్దంలా మెరిసేది. అంగడాయన మా పాత కొడవలిని తుక్కు కింద తీసుకుని, కొత్తదానితో పాటు అచ్చు వేసిన కాగితం ఒకటి ఇచ్చాడు. దాని మూలన నీలం రంగు అంగడి ముద్ర. అది గ్యారంటీ అనీ, పోగొట్టుకోవద్దనీ చెప్పాడు. అందులో ఏం రాసుందో అమ్మ అడగలేదు. చదువు రానివాళ్ళం, అచ్చులో ఉన్నదంటే మన మేలు కోసమే ఉంటుందనుకునేవాళ్ళం. ఇంటికొచ్చి, పెండ్లి పత్రికకు పూసినట్టు నాలుగు మూలలా పసుపు పూసి గూట్లో పెట్టింది.

జొన్న కోతలు మొదలైన రోజే, మధ్యాహ్నానికి, సాలు నడుమ కొడవలి రెండు ముక్కలయింది. రాయి తగల్లేదు. జొన్న దంటు కోస్తుంటేనే విరిగింది. కూలీల మేస్త్రీ వచ్చి చూసి, "ఎల్లుండి పొద్దునకల్లా కొడవలితో రా. లేకుంటే నీ సాలుకు ఇంగొకరిని పెడతా" అని పోయినాడు. ఆ కోతల్లో వచ్చే గింజలే మాకు వానలు పడేదాకా తిండి.

సాయంత్రం కమ్మరి తాత దగ్గరికి పోయాం. ఆయన ముక్కలు తిప్పి చూసి నన్ను దగ్గరికి పిలిచాడు.

"ఈడ సూడు పాపా. ఇరిగిన సోట సగం నల్లగుంది, సగం తెల్లగుంది. తెల్లది ఇయ్యాల ఇరిగింది. నల్లది పాత పగులు. కాల్చి నీళ్ళల్ల ముంచిన దినమే పగిలింది ఇది. మీయమ్మ కొనేటప్పటికే సచ్చింది."

తప్పు తనది కాదని తెలిసి అమ్మ మొహం కొంచెం తేరుకుంది. "అప్పా, నువ్వే ఒకటి సేసిస్తే..." అనబోయింది.

"నేను సేసిచ్చింది యాడుంది?"

తుక్కు కింద ఇచ్చేసిన సంగతి ఆయనకు తెలుసు.

"నాకాడ కోతల పని గుట్ట పడింది. పోమ్మే, కాగితం ఇచ్చినోడు ఉండాడు గదా. ఆ కాగితం వాని మొగాన పారెయ్, ఇస్తాడు."

కొలిమి చుట్టూ కూర్చున్నవాళ్ళు నవ్వారు.

మరునాడు కోడి కూయకముందే బయలుదేరి నడిచాం. ఆదోని చేరేసరికి అంగడి నిండా కోతల కోసం కొనేవాళ్ళే. అమ్మ ముక్కలు గల్లాపెట్టె మీద పెట్టి, నలుపూ తెలుపూ చూపించి, తాత చెప్పినట్టే చెప్పింది. అంగడాయన ఇనుము వైపు చూడనే లేదు. కాగితం తీసుకుని పైనుంచి కిందిదాకా చదువుకున్నాడు. ఆయన పెదాలు కదలడం నాకు బాగా గుర్తు. ఆ తర్వాత మూలను గోటితో గీకాడు.

"ముద్ర యాడుందమ్మా?"

"ఆడనే ఉంది సామీ, పసుపు కింద."

"పసుపు కిందుంటే నా ముద్రో ఇంగోని ముద్రో నాకేం తెలుస్తాది? గ్యారంటీకి పేరంటం సేసినావే."

జనం నవ్వారు. ఆయనకు హుషారొచ్చింది. బట్టల సబ్బు ముక్క ఒకటి అమ్మ చేతిలో పెట్టి, "కడుక్కోని రా. ముద్ర కనపడితే కొత్తది ఇస్తా" అన్నాడు.

అమ్మ అంగడి ముందున్న నీళ్ళ తొట్టి దగ్గర కూర్చుని, కాగితం మూల తడిపి సబ్బు రుద్దింది. పసుపుకు సబ్బు తగిలితే ఎర్రబడుతుందని ఆమెకు తెలియదా? పసుపు గుడ్డలు ఉతికిన చేతులే కదా అవి. బెదిరిన మనిషికి తన చేతికి తెలిసింది కూడా గుర్తు రాదు. నాకూ తెలుసు, నేనూ నోరు తెరవలేదు. మూల నెత్తురులా ఎర్రబడింది. అమ్మ ఇంకా గట్టిగా రుద్దింది. ముద్ర కరిగిపోయి, ఆ మూల పిప్పిపిప్పిగా వేళ్ళకు ఊడి వచ్చింది.

అంగడాయన దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి అందరికీ చూపించాడు. "సూడండప్పా, హారతి నీళ్ళల్ల ముంచుకోని వచ్చింది." అప్పుడే ఒక రైతు అటువంటి కొడవలే కొంటున్నాడు. అతనికి కొత్త కాగితం ఇస్తూ, "నువ్వు మాత్రం పసుపు పూయొద్దప్పా" అన్నాడు. రైతు దాన్ని మడిచి తలగుడ్డలో భద్రంగా దోపుకున్నాడు.

అమ్మ దోవలో ఏడవలేదు. నా చేతులతో నేనే పాడు చేసుకున్నానని మాత్రం రెండుసార్లు అంది. తెల్లారి మా సాలులో ఇంకొకామె కోస్తోంది. మేము వాళ్ళ వెనక రాలిన కంకులు ఏరుకున్నాం. ఉగాది రాకముందే అవి అయిపోయాయి. కోతలన్నీ ముగిసినాక, చేలో కోయడానికి ఏమీ లేని రోజుల్లో, కమ్మరి తాత ఒక కొడవలి చేసి ఇచ్చాడు. ఒక్క సాయంత్రం పని అది. ఆయన మంచివాడని నేను చెప్పను. కానీ ఆ కొడవలి నా పెండ్లి దాకా తెగుతూనే ఉండింది.

పెండ్లంటే గుర్తొచ్చింది. నా పెండ్లి పత్రికకు అమ్మ పసుపు పూయనివ్వలేదు. కాగితం చెల్లకుండా పోతుందని భయం. చావు కబురులా పంపారని మా అత్త నన్ను పదేండ్లు దెప్పింది.

యాభై దాటాక నా మనవరాలి పలక మీద అక్షరాలు నేర్చుకున్నాను. అప్పటికి అమ్మ పోయి రెండేండ్లు. కూడబలుక్కుని చదవడం వచ్చాక మొదట తీసింది, అమ్మ ఆ రోజు తిరిగి తెచ్చి గూట్లోనే దాచిన ఆ కాగితాన్నే. ఒక మూల లేదు. నడుమ అచ్చు చెక్కుచెదరలేదు, పసుపు అక్కడికి రానేలేదు. చదవడానికి ఒక పూట పట్టింది. "పదును తగ్గిన యెడల ఒక సంవత్సరము లోపల మార్చి ఇవ్వబడును. విరిగిన సరకునకు మా పూచీ లేదు."

అంటే పసుపు పూసినా పూయకున్నా, ముద్ర ఉన్నా లేకున్నా, మాకు కొడవలి వచ్చేది కాదు. అంగడాయన అది చదువుకున్నాకే సబ్బు ఇచ్చాడు. ఆ వరస పైకి చదివి ఉంటే ఆ రైతు కొడవలి అక్కడే పెట్టి పోయేవాడు. తప్పు అమ్మ మీద వేస్తే అంగడి దిగి పోయేది అమ్మ ఒక్కతే. జొన్న కోయడానికి కొన్నది జొన్న దంటుకు విరగకూడదు. అమ్మ అడిగింది అంతే. చచ్చేదాకా తప్పు తనదేనని నమ్మింది.

ఇప్పుడు నేను మిక్సీ కొన్నా, ఫ్యాను కొన్నా, అంగట్లోనే నిలబడి కాగితం మొత్తం పైకి చదువుతాను. నా చదువు మెల్లగా సాగుతుంది. వెనకవాళ్ళు విసుక్కుంటారు. విసుక్కోనీ. విరిగితే ఏమిస్తారో రాసిన వరస వచ్చేదాకా ఆ గల్లాపెట్టె ముందు నుంచి నేను కదలను.