చప్పట్లు కొట్టనందుకు

బందరు దగ్గర నేను సూపర్‌వైజరుగా చేస్తున్న రొయ్యల షెడ్డులో ఆదివారం పొద్దున్నే దివిసీమ చెరువుల నుంచి లోడు దిగేది. రొయ్యల తలలు తీసే ఆడవాళ్లలో సగం మంది ఆ పూట చర్చికి వెళ్లేవారు. వాళ్లకు పని మీద శ్రద్ధ లేదని మేనేజరు గారు విసుక్కునేవారు. ఇన్‌చార్జి పోస్టు నాకే వస్తుందని నేను ఎదురుచూస్తున్న రోజులవి.

“ఆదివారం చెరువుల్లో రొయ్యలు పట్టడం కాస్త ఆలస్యంగా పెట్టుకోమని రైతులకు చెబుదామండీ. లోడు మధ్యాహ్నం దిగితే అందరూ వస్తారు” అన్నాను.

“మీరు ఐసు సంగతి చూసుకోండి, చాలు” అన్నారాయన, అందరి ముందూ.

నెల తిరక్కుండా అదే ఏర్పాటు చేశారు. ఆడవాళ్లు మానడం మానేశారు. తరవాత గుడివాడ నుంచి ఒకాయనను పిలిపించి, పనివాళ్ల మనసు తెలుసుకోవడం గురించి మాకు క్లాసు పెట్టించారు. అందులో మేనేజరు గారు లేచి, ఆ ఆలోచన తనకెలా తట్టిందో వివరించారు. అందరూ చప్పట్లు కొట్టారు.

“కొట్టు బావా, చేతులరిగిపోతాయా?” అని తోటి సూపర్‌వైజరు నన్ను మోచేత్తో పొడిచాడు. నేను చేతులు కట్టుకునే కూర్చున్నాను.

పోస్టు అతనికిచ్చారు. కారణం అడిగితే, “మీలో టీమ్ స్పిరిట్ లేదండీ” అన్నారు మేనేజరు గారు.

ఆదివారం లోడు మార్చే మాట మొదట అన్నది నేనని పదిమందిలో ఒప్పుకునేదాకా ఆయనకు నమస్కారం పెట్టకూడదనుకున్నాను. ఇంతవరకూ పెట్టలేదు.