డాల్ఫిన్లు పక్కా కనిపిస్తాయా?

పంజాగుట్ట మెట్రో స్టేషన్ ఎదురుగా, రెండో అంతస్తులోని ట్రావెల్స్ ఆఫీసులో రజనికి రోజుకు పదిసార్లు ఇదే ప్రశ్న. "డాల్ఫిన్లు పక్కా కనిపిస్తాయా మేడం?"

"పక్కా సార్," అనేది రజని. యజమాని కేదార్ అట్లాగే చెప్పమన్నాడు. విశాఖ టూరు కాగితం మీద 'గ్యారంటీ' అని ఎర్రటి అక్షరాల్లో అచ్చు కూడా వేయించాడు.

సిరిసిల్లలో మగ్గాల చప్పుడు మధ్య పుట్టి, పెళ్ళయి అమీర్‌పేటకొచ్చిన రజని ముప్పై ఎనిమిదేళ్ళొచ్చినా సముద్రం చూడలేదు. ఒకచోట కుదురుగా కూర్చునే మనిషీ కాదు. ఫోన్లో మాట్లాడుతూనే గదంతా తిరుగుతుంది. మొన్న డిసెంబరులో గ్రూపును తీసుకెళ్ళాల్సిన అతను జ్వరంతో పడితే, కేదార్ ఆమెను పంపాడు. పదకొండు మంది. రైలెక్కిన దగ్గర్నుంచీ ఒకటే దడ. కనిపించకపోతే?

తెల్లారి భీమిలి దగ్గర పడవెక్కారు. పడవ నడిపే బుల్లబ్బాయికి యాభై దాటాయి. ముందు రాళ్ళ దగ్గర ఆపి, అందరికీ లైఫ్ జాకెట్లు, కళ్ళద్దాలు, ఊపిరికి నోట్లో పెట్టుకునే గొట్టాలు ఇచ్చాడు.

"రాళ్ళు తొక్కకండి. చేపలకి బిస్కట్లు వెయ్యకండి. చూసి వచ్చెయ్యడమేనండి," అన్నాడు.

మిగతావాళ్ళకు ధైర్యం చెప్పాలని రజని ముందు దిగింది. నీళ్ళ కింద పసుపు చారల చేపలు. వాటిని చూస్తుండగా గొట్టంలోకి నీళ్ళొచ్చాయి. తల ఎత్తబోతే, వీడియో తీస్తూ వెనకే వచ్చిన నరేందర్ ఆమె మీదికొచ్చాడు. అమీర్‌పేటలో బట్టల షాపు అతనిది. ఎటు తిరిగినా ఎవరిదో కాలు, ఎవరిదో చెయ్యి. బుల్లబ్బాయి జాకెట్ పట్టి లాగేదాకా ఆమెకు ఊపిరాడలేదు.

పడవ మళ్ళీ బయల్దేరింది. కాసేపటికి దూరంగా నల్లటి వీపులు మూడు లేచాయి. అందరూ ఒక్కసారిగా ఒకవైపుకొచ్చారు. బుల్లబ్బాయి ఇంజను ఆపేశాడు.

"అన్నా, ఆపినవేంది? జర ముందుకు పోనీ!" నరేందర్ అరిచాడు. "గ్యారంటీ అన్నరు గదా మేడం!"

రజని అటు చూసింది. ఇంకో పడవ అటే దూసుకుపోతోంది. "పోదామా అన్నా?" అంది నెమ్మదిగా.

"వాటితో పిల్ల ఉందమ్మా," అన్నాడు బుల్లబ్బాయి. "తరిమేకొద్దీ తల్లి మునిగిపోద్ది. పిల్ల ఊపిరి కోసం పైకి రావాలి కదా. మీరు వెళ్ళమంటే వెళ్తాను."

రజని గొంతులో ఉప్పు ఇంకా పోలేదు. "వద్దన్నా. ఈడనే ఉందాం," అంది.

అరగంట కూర్చున్నారు. నరేందర్ గొణుగుతూనే ఉన్నాడు. రజని పడవ అంచు పట్టుకుని లేస్తూ కూర్చుంటూ ఉంది. ఆ రెండో పడవ వెళ్ళిపోయాక, చాలా దూరంలో 'ఫుస్' మని చప్పుడు వినిపించింది. వెంటనే చిన్నది ఇంకొకటి.

"పిల్లదండీ అది!" అంది టీచరుగా రిటైరైన అరుణాదేవి. అంతే. ఆపైన ఏమీ కనిపించలేదు.

సోమవారం ఆఫీసుకొచ్చేసరికి నరేందర్ అప్పటికే ఫోన్లో ఫిర్యాదు చేశాడు. కేదార్ మండిపడ్డాడు. "నీకెందుకు రజనీ గా పంచాయితీ? పోనియ్యమంటే అయిపోతుండె గదా!"

"సార్, నీళ్ళల్ల మీదికొస్తే ఎట్లుంటదో నేను చూసొచ్చిన. గ్యారంటీ తీసెయ్యిండ్రి. లేకుంటే గా టూరు నేను చెప్ప."

అయిదో రోజు కొత్త కాగితాలు వచ్చాయి. ఎర్రటి అక్షరాలు లేవు. "ఒక్క నెల చూస్త," అన్నాడు కేదార్.

ఆ నెలలో, "పక్కా చెప్పలేం" అనగానే సగంమంది మాట మధ్యలోనే ఫోన్ పెట్టేశారు. ప్రతిసారీ రజని లేచి గదిలో ఓ చుట్టు తిరిగొచ్చేది. నిన్న ఎవరో ఒకావిడ మాత్రం పెట్టెయ్యలేదు.

"కనిపియ్యకపోతే అంతసేపు ఏం చేస్తరు మేడం?"

"ఇంజన్ బంద్ చేసుకొని కూసుంటం, అమ్మా," అంది రజని.

"సరే," అంది ఆవిడ. "నలుగురికి రాసుకోండి."