సరిహద్దు పక్క టమాటా తోట

కువైట్ యుద్ధం ఆగి, సంధి కుదిరిన రోజులవి. ఒమన్‌లోని రూవిలో మా రూమ్‌లో ఉండే జగిత్యాల మేస్త్రి తమ్ముడు ఇరాక్ సరిహద్దు పక్కన, కువైట్ వైపు ఒక టమాటా తోటలో పనికి కుదిరాడు.

ఒక శుక్రవారం మేస్త్రి వంట చేస్తుంటే రేడియోలో హిందీ వార్తలు వచ్చాయి. సరిహద్దులో మళ్ళీ కాల్పులు జరిగాయట. తోటల్లో పనివాళ్ళు కొందరు కనిపించడం లేదట. చాలా దేశాలు ఆందోళన తెలిపాయట. నేను తెలుగులో విడమరిచి చెప్పాను.

మేస్త్రి స్టవ్ ఆర్పేశాడు.

"ఆందోళన పడ్డరంటె ఏందన్నా? ఎవలన్న పోయి దేవులాడుతరా?"

"లేదు తమ్మీ. గట్ల చేసుడు మంచిగ లేదని చెప్తరంతే."

మర్నాడు డ్యూటీ మానేసి ఇద్దరం ఎంబసీకి వెళ్ళాం. అక్కడి గుమస్తా కువైట్‌కు కబురు పంపుతామని చెప్పాడు. తమ్ముడి ఫోటోను కాసేపు చూసి, "ఇది మీ దగ్గరే ఉంచుకోండి" అని మెల్లగా తిరిగిచ్చాడు.

కబురేమీ రాలేదు. కువైట్ నుంచి వచ్చినవాళ్ళు ఎవరు కనబడినా మేస్త్రి ఆపి తమ్ముడి గురించి అడిగేవాడు. కొన్నేళ్ళకు అడగడం మానేశాడు. ఎప్పుడు మానేశాడో మేమెవరం గమనించలేదు.